చేతిలో పట్టే రేసు: పాత స్ట్రీట్ రేసింగ్ ఆటల్ని పీఎస్‌పీలోనో ఫోన్‌లోనో మళ్లీ ఆడటం ఎలా

నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కార్ల రేసు ఆటని పీఎస్‌పీలో, అంటే సోనీ వాళ్ల చేతిలో పట్టే ఆటల యంత్రంలో, మళ్లీ ఆడదామనుకునేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడతారు. ఆట తెరవగానే రోడ్డెక్కి ఊరంతా తిరుగుదామని చూస్తారు. రోడ్డు రాదు, మెనూ వస్తుంది. రేసు ఎంచుకో, ఆడు, మళ్లీ మెనూ. "ఇదేంటి, సగం కోసేసి ఇచ్చారు" అని పది నిమిషాల్లో పక్కన పడేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి, పక్క సిస్టమ్ మీద కుర్రాళ్లు అరుస్తుంటే, వెనక పోలీసు కార్లని వేసుకుని ఆటలోని రాక్‌పోర్ట్ ఊరంతా చుట్టబెట్టిన అలవాటు మరి.

కొన్నేళ్ల తర్వాత బస్సు ప్రయాణంలో అదే ఆట మళ్లీ తెరిచాను. రేసు సగంలో ఉండగా టీ కోసం బస్సు ఆపారు. పీఎస్‌పీ కుడి పక్కనుండే చిన్న స్విచ్‌ని పైకి ఒక్కసారి నెట్టి వదిలితే ఆట ఎక్కడిదక్కడ నిద్రపోయింది. టీ తాగొచ్చి మళ్లీ నెట్టాను, అదే మలుపులో, అదే వేగంతో లేచింది. పెద్ద ఆటని కోసి చిన్న తెరలో కుక్కింది కాదిది, మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా ఆడుకోవడానికి కట్టిన వేరే ఆట అని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. కింద చెప్పేవన్నీ ఆ లెక్కన చెప్పేవే.

మొదట, ఏ ఆట ఆడాలో తేల్చుకోండి

అన్నీ ఒకేసారి పోగేసుకుంటే ఏదీ ఆడరు. మీకు ఏది గుర్తొస్తుందో దాన్నిబట్టి ఒకటి ఎంచుకోండి.

పోలీసులు వెంటపడటం కావాలంటే 2005లో వచ్చిన మోస్ట్ వాంటెడ్ 5-1-0. పేరులోని అంకె పోలీసుల రేడియో కోడ్ నుంచి తీసుకున్నది. కథ చెప్పే వీడియోలు లేవు, ఊళ్లో తిరగడం లేదు. కానీ ఒక్కొక్కరినే ఓడిస్తూ పోవాల్సిన రేసర్ల జాబితా బ్లాక్‌లిస్ట్ ఉంది, ఛేజ్‌లు ఉన్నాయి, దానికి తోడు పెద్ద ఆటలో లేని ఒక సరదా ఉంది: టూనర్ టేక్‌డౌన్. అందులో పోలీసు మీరే, రేసర్లని గుద్ది ఆపాలి. ముందు అదే ఆడమంటాను. కంప్యూటర్ మీద ఆడిన ఆటతో పోల్చుకునే జబ్బు వెంటనే తగ్గుతుంది.

అండర్‌గ్రౌండ్ రోజుల నియాన్ లైట్లు, కారుకి ఒక్కసారిగా వేగమిచ్చే నైట్రస్, తిన్నటి రోడ్డు మీద సాగే డ్రాగ్ రేసులు గుర్తొస్తే అండర్‌గ్రౌండ్ రైవల్స్. అమెరికాలో పీఎస్‌పీ 2005 మార్చిలో అమ్మకానికొచ్చినప్పుడు దానితోపాటే వచ్చిన ఆటల్లో ఇదొకటి. మొదటి తరం ఆట కాబట్టి కాస్త మొరటుగా ఉంటుంది. ఒకే పీఎస్‌పీని చేతులు మార్చుకుంటూ నలుగురు వంతులవారీగా ఆడే పద్ధతి ఉండటం మాత్రం దీని గొప్ప. ఇంట్లో పెళ్లికో పండక్కో పిల్లలు గుమిగూడినప్పుడు దీన్ని మించింది లేదు.

లేదు, నాకు ఊళ్లో తిరగాల్సిందే అంటారా? రెండు దారులున్నాయి. 2006లో వచ్చిన కార్బన్: ఓన్ ద సిటీలో రేసు రేసుకీ మధ్య ఊళ్లో తిరగొచ్చు, మీ ముఠా కార్లు వెంట ఉంటాయి. ఇంకొకటి మిడ్‌నైట్ క్లబ్ 3: డబ్ ఎడిషన్. శాన్ డియెగో, అట్లాంటా, డెట్రాయిట్ మూడు ఊళ్లూ ఆ చిన్న డిస్క్‌లో పట్టించేశారు. దానికి కట్టిన వెల లోడింగ్. నిజం డిస్క్ మీద ఆడితే ప్రతి రేసుకీ ముందు, వెనక అంత సేపు ఆగాలంటే ఎవరికైనా చిరాకే. దీన్ని డిస్క్ మీద ఆడొద్దు. ఎలా ఆడాలో కింద చెప్తాను. అదే వరసలో 2008లో వచ్చిన ఎల్.ఏ. రీమిక్స్‌లో లాస్ ఏంజెలెస్‌తో పాటు టోక్యో కూడా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దీన్నే ఇస్తాను.

బర్నౌట్ లెజెండ్స్‌లో కారుకి రంగులేసుకునే ముచ్చట లేదు, ఎదుటివాణ్ణి గోడకేసి కొట్టడమే పని. అది కూడా దగ్గర పెట్టుకోండి. మిగతా ఆటలు విసుగొచ్చినప్పుడు అదే దిక్కు.

నింటెండో వైపు సంగతి రెండు ముక్కల్లో. గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద కూడా అండర్‌గ్రౌండ్, మోస్ట్ వాంటెడ్ వచ్చాయి. 240కి 160 చుక్కల తెర మీద, త్రీడీ కోసం పుట్టని చిప్ మీద కార్లు పరిగెత్తించడం అప్పటి ప్రోగ్రామర్ల పనితనమే. చూసి మెచ్చుకోవడానికి బాగుంటాయి, రోజూ ఆడటానికి కాదు. డీఎస్‌లోని మోస్ట్ వాంటెడ్ జోలికి మాత్రం వెళ్లకండి.

నిజం పీఎస్‌పీయా, ఫోనా?

చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, ఎవరిదైనా పీఎస్‌పీ ఒకసారి అడిగి తెచ్చుకుని మీ డిస్క్‌ని ఫైలుగా మార్చుకుని (ఎలాగో కింద చెప్తాను), ముందు అందులోనే ఆడి చూసి, మోజు నిలబడితే అప్పుడు పీఎస్‌పీ కొనండి. అయితే ఆ బటన్ల స్పర్శ, ఆ స్విచ్ నిద్ర ఫోన్‌లో రావు. పాత పీఎస్‌పీ కొనేటట్టయితే స్ట్రీట్ రేసింగ్‌కి ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం ఒకటుంది: తెర.

ఈ ఆటల్లో చాలావాటిలో రేసులు రాత్రిపూట జరుగుతాయి. నల్లటి రోడ్డు, దాని మీద దూసుకుపోయే లైట్లు. మొదటి మోడల్ 1000, తర్వాతి 2000 తెరల్లో చుక్కలు రంగు మారడం నెమ్మది. దాంతో లైట్ల వెనక తోకల్లా చారలు పడతాయి, మలుపు ఎక్కడుందో ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. 3000 మోడల్‌లో ఆ తోకలు బాగా తగ్గాయి, రంగులు కూడా బాగుంటాయి. కాకపోతే వేగంగా కదిలేటప్పుడు సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. కొందరికి అవి కంట్లో నలుసు, నాకు రెండు రోజుల్లో అలవాటైపోయాయి. రాత్రి రేసులకైతే 3000 తీసుకోమనే చెప్తాను. 2000కీ 3000కీ యూఎస్‌బీ తీగతో చార్జింగ్ పెట్టుకునే వీలు కూడా ఉంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. మొదటి మోడల్‌కి దాని చార్జరే కావాలి. పీఎస్‌పీ గోలో డిస్క్ పెట్టే చోటే లేదు, ఈ1000లో వైఫై లేదు. కొనే ముందు ఆ తేడాలు గుర్తుంచుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి చేతికి రాగానే ఆట పెట్టి చూడబోకండి. ముందు వెనక్కి తిప్పి బ్యాటరీ మూత చూడండి. మూత కొంచెం లేచి ఉన్నా, బల్ల మీద పెడితే బండి ఊగుతున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఇన్నేళ్ల తర్వాత ఇది చాలా మామూలు. ఉబ్బిన బ్యాటరీని చార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు, సూదితో పొడవొద్దు. తీసేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. చార్జర్ గుచ్చి ఉంటే బ్యాటరీ లేకుండానే పీఎస్‌పీ నడుస్తుంది కాబట్టి మిగతా పరీక్షలు అలా కానివ్వండి.

తర్వాత ఎడమ వైపున్న గుండ్రటి మీట. వేలు తీసేశాక మెనూ దానంతటదే కదులుతుందా చూడండి. కదిలితే రేసులో మీ కారు ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంది, స్టీరింగ్ అలైన్‌మెంట్ పోయిన అంబాసిడర్‌లా. విడిభాగం దొరుకుతుంది, మార్చడం కష్టం కాదు, కానీ బేరంలో ఆ మాట వాడుకోండి.

డిస్క్, కార్డు, ఒక చేదు అనుభవం

యూఎమ్‌డీ అంటే ప్లాస్టిక్ డొల్లలో ఇరికించిన చిన్న డిస్క్, 1.8 గిగాబైట్లు పడుతుంది. పాతవాటిలో డొల్ల రెండు పలకలూ అంచు దగ్గర విడిపోతుంటాయి. లోపలి డిస్క్ బాగుంటే భయం లేదు. పలకలని సరిగ్గా కూర్చి, అంచు మీద నాలుగు చోట్ల మాత్రం సూది మొనతో ఫెవిక్విక్ చుక్క పెట్టండి. ట్యూబ్‌ని నేరుగా పిండకండి. డిస్క్ మీద పడిందా, ఆట అక్కడితో సరి. పూర్తిగా ఆరాకే పీఎస్‌పీలో పెట్టండి.

ఆటల డిస్క్‌లకి దేశం తాళం లేదు. అమెరికాదైనా, జపాన్‌దైనా ఏ పీఎస్‌పీలోనైనా ఆడుతుంది. సినిమాల డిస్క్‌లకే ఆ పేచీ.

మెమరీ కార్డు దగ్గర నేను మోసపోయాను. ఒక షాపులో కొన్న కార్డు మీద 16 అని రాసుంది, పీఎస్‌పీ కూడా 16 అనే చూపించింది. నాలుగు ఆటలు ఎక్కించేదాకా అంతా బాగానే ఉంది. ఐదోది ఎక్కించగానే మొదటిది పాడైపోయింది, దాంతో పాటే నా సేవ్‌లు కూడా. లోపల ఉన్నది చిన్న చిప్, పైన పెద్ద అబద్ధం. అప్పటినుంచి పీఎస్‌పీలో పట్టే మెమరీ స్టిక్ ప్రో డ్యుయో కార్డు రూపంలో ఉండే అడాప్టర్ కొని, అందులో నమ్మకమైన మైక్రో ఎస్‌డీ కార్డు పెడుతున్నాను. 32 గిగాబైట్లు చాలు. కార్డుని కంప్యూటర్లో కాకుండా పీఎస్‌పీలోనే, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ చేయండి. అవసరమైన ఫోల్డర్లు అదే తయారుచేసుకుంటుంది. కొత్త కార్డు నిండా ఏవో ఫైళ్లు నింపి, మళ్లీ కంప్యూటర్లోకి కాపీ చేసి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తే దొంగ సరుకు ఆ రోజే బయటపడుతుంది. నాకు ఈ బుద్ధి ముందే ఉండుంటే బాగుండేది.

డిస్క్‌ని ఫైలుగా మార్చుకోవడం

డిస్క్ తిరిగి, వెతికి, చదివేసరికి ఆలస్యం. అదే ఆట కార్డు మీద ఉంటే లోడింగ్ బాగా తగ్గుతుంది, డిస్క్ తిప్పే మోటార్ పని ఉండదు కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. మిడ్‌నైట్ క్లబ్ 3కి ఇదే మందు.

దీనికి పీఎస్‌పీలో కస్టమ్ ఫర్మ్‌వేర్ ఉండాలి, అంటే యంత్రాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌కి సోనీ కాకుండా బయటివాళ్లు మార్చి చేసిన రూపం. ముందు అధికారిక ఫర్మ్‌వేర్ 6.60కో 6.61కో తెచ్చుకుని, ఆ పైన ఆర్క్-4 లాంటిది ఎక్కించుకోవాలి. దానితో వచ్చే సూచనల్ని పూర్తిగా చదివాకే చేయి వేయండి. బ్యాటరీ సగానికి పైన ఉండాలి, మధ్యలో ఆపకూడదు. ఎక్కాక ప్రధాన మెనూలో ఉండగా సెలెక్ట్ నొక్కితే చిన్న జాబితా తెరుచుకుంటుంది. అందులో యూఎస్‌బీ డివైస్ అన్న చోట మెమరీ స్టిక్ బదులు యూఎమ్‌డీ డిస్క్ అని మార్చండి. డిస్క్ లోపల పెట్టి, తీగతో కంప్యూటర్‌కి కలపండి. కంప్యూటర్లో ఒక్కటే ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా, కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసుకుంటే పని అయిపోయినట్టే. ఫైలుకి ఆట పేరు పెట్టుకుని, యూఎస్‌బీ డివైస్‌ని మళ్లీ మెమరీ స్టిక్‌కి మార్చి, కార్డులో ఐఎస్ఓ అనే ఫోల్డర్‌లో వేయండి.

అదే జాబితాలో ప్రాసెసర్ వేగం కూడా మార్చుకోవచ్చు. పీఎస్‌పీ చిప్ 333 మెగాహెర్ట్జ్‌ది, కానీ బ్యాటరీ కోసం మొదట్లో ఆటలన్నిటినీ 222కే కట్టడి చేశారు. 2005 నాటి ఆటల్లో కార్లు గుంపుగా వచ్చినప్పుడు తెర తడబడుతుంటే 333 పెట్టి చూడండి. బ్యాటరీ కొంచెం త్వరగా దిగుతుంది, అంతే.

ఈ ఫైలే ఫోన్‌కీ పనికొస్తుంది. నెట్‌లో దొరికే ఫైళ్ల జోలికి వెళ్లకండి. ఎవరిదో సొత్తన్న సంగతి అలా ఉంచితే, "సైజు తగ్గించాం" అని పెట్టేవాటిలో పాటలు, వీడియోలు పీకేసి ఉంటాయి. కారు మీటర్ ఎగురుతుంటే వెనక పాట లేని అండర్‌గ్రౌండ్ ఉప్పులేని పప్పు.

ఫోన్‌లో ఆడేటప్పుడు

పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్, అంటే ఫోన్‌ని పీఎస్‌పీలా నడిపించే యాప్, ఉచితం. హెన్రిక్ రిడ్‌గార్డ్ మొదలుపెట్టి 2012లో విడుదల చేసింది ఇది. 2024 నుంచి ఐఫోన్ యాప్ స్టోర్‌లో కూడా ఉంది. డబ్బులిచ్చి కొనే గోల్డ్ అన్నదీ ఇదే, తయారుచేసినవాళ్లకి సాయంగా కొనేది. ఆటలు మాత్రం ఇందులో ఉండవు, మీ ఫైలు మీరే చూపించాలి. మొదటిసారి తెరిచినప్పుడు సేవ్‌లు ఎక్కడ దాచాలో అడుగుతుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ తీసేస్తే దాని సొంత చోటున్నవి కూడా పోతాయి కాబట్టి, బయట ఒక ఫోల్డర్ చేసి దాన్నే చూపించండి.

గ్రాఫిక్స్ సెట్టింగ్స్ చూస్తే కళ్లు తిరుగుతాయి. నాలుగే మార్చండి. మొదటిది బ్యాకెండ్, అంటే తెర మీద బొమ్మ గీసే పద్ధతి, అది వల్కన్ పెట్టండి. ఆట తెరుచుకోకపోయినా, రంగులు తేడాగా ఉన్నా ఓపెన్‌జీఎల్. రెండోది రెండరింగ్ రిజల్యూషన్. అసలు పీఎస్‌పీ తెర 480కి 272 చుక్కలు. రెండింతలు పెడితే 960కి 544. మామూలు ఫోన్‌కి రెండో మూడో చాలు. అంతకన్నా పెంచితే ఫోన్ వేడెక్కి, పది నిమిషాలకి తనంతట తనే నెమ్మదిస్తుంది. మూడోది ఫ్రేమ్ స్కిప్పింగ్, ఆఫ్‌లో ఉంచండి. రేసులో ఫ్రేమ్‌లు ఎగిరిపోతే మలుపు అంచనా తప్పుతుంది. నాలుగోది స్కిప్ బఫర్ ఎఫెక్ట్స్, అది కూడా ఆఫ్. ఆన్ చేస్తే వేగం వస్తుంది గానీ, వెలుగు ఎఫెక్ట్‌లు మాయమైపోవచ్చు, ఒక్కోసారి తెరంతా నల్లబడుతుంది. ఈ రేసుల అందం ఆ వెలుగుల్లోనే ఉంది.

ఇంకో చిట్కా. ఫాస్ట్ ఫార్వర్డ్ అనే బటన్‌ని తెర మీదకి తెచ్చుకోండి. లోడింగ్ వచ్చినప్పుడు నొక్కితే నిమిషం పనిని క్షణాల్లో దాటేస్తుంది. రేసులో పొరపాటున తగిలితే కారు రాకెట్ అయిపోతుంది కాబట్టి దాన్ని పైమూలన, వేలు అందీ అందనట్టు పెట్టండి.

వేళ్ల సంగతి

అద్దం మీద వేలు పెట్టి రేసాడటంలో అసలు ఇబ్బంది స్టీరింగ్ కాదు, యాక్సిలరేటర్. రేసంతా కుడి బొటనవేలు ఒకే బటన్ మీద అతుక్కుపోవాలి. మరి బ్రేకు, నైట్రస్ ఎవరు నొక్కుతారు? దీనికి మందు కస్టమ్ బటన్లలో ఉంది. టచ్ కంట్రోల్స్‌లో కొత్త బటన్ చేసి, దానికి ఆట యాక్సిలరేటర్‌కి వాడే బటన్‌ని కట్టి, టాగుల్ ఆన్ చేయండి. ఒకసారి తాకితే నొక్కినట్టే ఉంటుంది, మళ్లీ తాకితే వదులుతుంది. ఇక బొటనవేలు ఖాళీ. ఈ ఒక్క మార్పుతో నేను ఓడిపోయే డ్రాగ్ రేసులు సగమయ్యాయి.

బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే ఇంకా మంచిది. కంట్రోల్ మ్యాపింగ్‌లో ఒక్కొక్క బటనూ చూపిస్తే చాలు. మీట కొంచెం కదిపినా కారు ఎగిరిపడుతుంటే డెడ్ జోన్, అంటే మీట కదిలినా లెక్కలోకి తీసుకోని మేర, కాస్త పెంచండి.

సేవ్ విషయంలో బద్ధకం వద్దు

ఎమ్యులేటర్‌లో రెండు రకాల సేవ్‌లు. ఆట లోపల చేసేది ఒకటి, ఉన్న క్షణాన్ని ఫొటో తీసినట్టు దాచే సేవ్ స్టేట్ ఇంకొకటి. రెండోది రుచిగా ఉంటుంది, ప్రతి మలుపుకీ ముందు చేసుకోవాలనిపిస్తుంది. కానీ యాప్ కొత్త వెర్షన్ వచ్చాక పాత స్టేట్‌లు తెరుచుకోకపోవచ్చు. ఆడటం ఆపే ముందు ఆట మెనూలోకి వెళ్లి మామూలు సేవ్ తప్పకుండా చేయండి. అది పీఎస్‌పీ ఫోల్డర్‌లో సేవ్‌డేటా కింద ఉంటుంది. నెలకోసారి ఆ ఫోల్డర్‌ని వేరే చోట కాపీ పెట్టుకోండి. పీఎస్‌పీలో ఆడినదాన్ని ఫోన్‌లో కొనసాగించాలన్నా ఈ ఫోల్డరే అటూఇటూ మోసుకెళ్లాలి. కాకపోతే అమెరికా డిస్క్ సేవ్ యూరప్ డిస్క్‌కి కనిపించదు, రెండు చోట్లా ఒకే దేశం కాపీ ఉండాలి.

ఇద్దరు కలిసి ఆడాలంటే

రెండు పీఎస్‌పీలు ఉంటే ఏమీ లేదు. వైఫై స్విచ్ ఆన్ చేసి, ఆటలో మల్టీప్లేయర్‌లోకి వెళ్లి యాడ్ హాక్, అంటే రెండూ నేరుగా కలుసుకునే పద్ధతి, ఎంచుకోవడమే. నెట్ అక్కర్లేదు, రైల్లోనూ పనిచేస్తుంది.

ఫోన్లలో కొంచెం తిప్పలుంది. ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, రెండో ఫోన్‌ని దానికి కలపండి. రెండింట్లోనూ నెట్‌వర్కింగ్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఆన్ చేయాలి. ఒక్క ఫోన్‌లో మాత్రం బిల్ట్-ఇన్ యాడ్ హాక్ సర్వర్ ఆన్ చేసి, రెండో ఫోన్‌లో సర్వర్ అడ్రస్ దగ్గర మొదటి ఫోన్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా అంకెలు) కొట్టండి. రెండింటి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్ని గుర్తుపట్టే కోడ్) ఒకటే ఉండకూడదు. సెట్టింగ్స్ ఒకరివి ఒకరికి కాపీ చేసుకుంటే వచ్చే గొడవ ఇదే. ఇన్ని చేసినా కలవకపోతే రెండు యాప్‌ల వెర్షన్ ఒకటేనా, రెండు ఆటలూ ఒకే దేశానివా చూడండి.

మా తమ్ముడితో మొదటిసారి కలిపినప్పుడు గంటన్నర సెట్టింగ్స్‌తోనే సరిపోయింది. మూడు నిమిషాల రేసులో వాడే గెలిచాడు. "లాగ్ వచ్చిందిరా" అన్నాను. సర్వర్ ఉన్నది నీ ఫోన్‌లోనే కదరా అన్నయ్యా అన్నాడు.